గోడ మీది గీతలు ఎవరు చదవాలె?

(సావిత్రిబాయి ఫూలే జయంతి సందర్భంగా లక్డారం వాడలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఇయ్యాల సావిత్రిబాయి ఫూలే గురించి మాట్లాడమన్నరు. నాకు మైకు కంటే సుద్దముక్క అలవాటు ఎక్కువ. అందుకని బడిల పాఠం చెప్పినట్టే చెప్త. తప్పు చెప్తే లేచి అడగండ్రి. ముఖ్యంగా వెనకాల గోడ దగ్గర కూసున్న ఆడోళ్ళు అడగాలె. ఎందుకంటే ఈ మాటలన్నీ మీ గురించే.

సావిత్రిబాయి 1831 జనవరి 3న మహారాష్ట్రలోని నాయగావ్‌ల పుట్టింది. 1848ల జోతిరావు ఫూలేతోని కలిసి పూనాల ఆడపిల్లలకు బడి పెట్టింది. బడికి పోతుంటే పేడ కొట్టిండ్రు, రాళ్ళు ఏసిండ్రు. 2025ల మన రాష్ట్ర ప్రభుత్వం ఆమె పుట్టినరోజును మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా ప్రకటించింది. ఇదంతా ప్రతి సభల చెప్పుకుంటున్నం, దండ ఏస్తున్నం, ఇంటికి పోతున్నం. కానీ ఒక సంగతి చెప్పుకుంటలేం. సావిత్రిబాయి రచయిత్రి. 1854లనే ఆమె కవితల పుస్తకం 'కావ్యఫులే' అచ్చయింది. పుట్టింటికి పోయినప్పుడు మొగనికి ఉత్తరాలు రాసింది. 1868ల రాసిన ఒక ఉత్తరంల ఏమున్నదో తెలుసా? ఒక బ్రాహ్మణ పిలగాడు, ఒక మహర్ పిల్ల ప్రేమించుకున్నరు. ఊరు ఊరంతా కలిసి వాళ్ళను చంపబోతుంటే సావిత్రిబాయి ఉరికిపోయి అడ్డం నిలబడ్డది. ఇద్దరినీ బతికించి ఊరు దాటించింది.

నేను అడిగేది ఒక్కటే. ఆమె ఆ ఉత్తరం రాయకపోతే నూట యాభై ఏండ్ల తర్వాత లక్డారంల కూసున్న మనకు ఆ సంగతి ఎట్ల తెలుస్తుండె? ఆ ఊరి కరణం రాస్తుండెనా? పటేలు రాస్తుండెనా?

ఇంకొకటి చెప్త. ఫూలేల బడిల చదివిన ముక్తాబాయి అనే పిల్ల 1855ల మహర్ల, మాంగుల బాధల గురించి వ్యాసం రాసింది. మాంగు అంటే అక్కడ మన మాదిగోళ్ళ లెక్క. చదువు రానియ్యని కులంల పుట్టిన పిల్ల, అక్షరం చేతికి రాంగనే ముందు ఏం రాసింది? దేవుని మీద పద్యం రాయలె. తన వాడ కష్టం రాసింది. సావిత్రిబాయి 1897ల ప్లేగు రోగులకు సేవ చేసుకుంటనే అదే ప్లేగుతోని పోయింది. చేసిన సేవకు, చేసిన రాతకు మధ్యల ఆమె గీత గీయలె. రెండూ ఒక్క చేతి పనే.

పూనా దూరం అంటరా? సరే, దగ్గరికొద్దాం. మన సంగారెడ్డి నుంచి వికారాబాదు తొవ్వ పట్టి తాండూరు దిక్కు పోతే పెద్దేముల్ అని ఊరున్నది. అప్పట్ల రంగారెడ్డి జిల్లా, ఇప్పుడు వికారాబాద్ జిల్లా. ఆ ఊరి మాదిగ వాడల పుట్టింది గోగు శ్యామల. మనం మాట్లాడే మాటే ఆమె మాట. మనం తొక్కిన రేగడే ఆమె తొక్కిన రేగడి. ఆ వాడ నుంచి పెద్ద చదువు దాకా పోయింది. ముందు విప్లవ రాజకీయాలల్ల పనిచేసింది. ఆ తర్వాత దళిత ఉద్యమంల, దళిత స్త్రీల ఉద్యమంల నిలబడ్డది. హైదరాబాదుల అన్వేషి అనే స్త్రీల పరిశోధన కేంద్రంల పనిచేసింది. కథలు రాసింది, కవిత్వం రాసింది. ఇవన్నీ ఒక ఎత్తు. ఆమె చేసిన ఇంకో పని ఒక ఎత్తు. తన పేరు ఒక్కటే నిలబెట్టుకోలె. మరుగునపడ్డ ఆడోళ్ళ పేర్లను తవ్వి తీసింది.

2003ల 'నల్లపొద్దు' అని పుస్తకం తెచ్చింది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసిన సాహిత్యాన్ని ఏరి కూర్చింది. అప్పటిదాక పండితులు ఏమనేటోళ్ళు? "దళిత స్త్రీలు ఎక్కడ రాసిండ్రమ్మా, ఉంటే మేం వెయ్యమా?" అనేటోళ్ళు. ఈమె వెతికితే స్వాతంత్ర్యం రాకముందే కథలు రాసిన తాడి నాగమ్మ బయటపడ్డది. రాసినోళ్ళు లేక కాదు. వెతికే మనసు లేక వాళ్ళు కనబడలె. 2006ల జూపాక సుభద్ర, గోగు శ్యామల ఇద్దరూ కలిసి 'నల్లరేగటి సాల్లు' తెచ్చిండ్రు. మాదిగ, మాదిగ ఉపకులాల ఆడోళ్ళ కథలు అవి. ఒక్క మనిషి కథ చదివి "దళిత స్త్రీ అంటే గింతే" అని ముద్ర కొట్టే తొవ్వ దానితోని మూసుకపోయింది.

ఆమె కథల పుస్తకం పేరు వినుండ్రి. 'ఏనుగంత తండ్రికన్న ఏకులబుట్ట తల్లి నయం'. ఇంగ్లీషుల కూడ 2012ల అచ్చయి దేశదేశాలు పోయింది. ఇది మన అవ్వలు అనే సామెతే. ఏకులంటే రాట్నం మీద వడికే పత్తి ఏకులు. తండ్రి ఏనుగంత ఉన్నా సరే, ఏకులబుట్ట తీరు తేలికగ ఉన్న తల్లే పిల్లలకు ఆసరా అని. ఆ పుస్తకంల ఒక కథల ఊరి పెద్దలు ఒక మాదిగ పిల్లను జోగిని చెయ్యాలని పట్టుపడుతరు. తండ్రి ఒప్పుకోడు. పిల్లను తీస్కపోయి సర్కారు హాస్టల్ల ఏస్తడు. దానికి ఆ ఇంటిమీద పడ్డ దెబ్బలు, పోయిన భూమి ఆ కథ. జోగిని ఆచారాన్ని బందు చేస్తూ మన రాష్ట్రంల చట్టం వచ్చింది 1988ల. చట్టం చదివితే శిక్ష ఎంతో తెలుస్తది. ఆ కథ చదివితే ఒక తండ్రి బిడ్డను ఎట్ల కాపాడుకున్నడో తెలుస్తది. రెండూ కావాలె మనకు. ఇంకో కథల ఊరి చెరువే నోరు తెరిచి తన గోస చెప్తది. నక్కవాగు ఒడ్డు ఊర్లోళ్ళకు, ఫ్యాక్టరీల నీళ్ళు చూసిన పటాన్‌చెరు మనుషులకు ఆ కథ ఇడమర్చి చెప్పే పనిలేదు.

ఇగ 2011ల ఆమె రాసిన పుస్తకం సంగతి చెప్త. 'నేనే బలాన్ని' దాని పేరు. టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథ. సదాలక్ష్మి ఎవరు అని మన పిల్లలను అడగండ్రి. సినిమా హీరో తాత పేరు చెప్తరు గని ఈ పేరు చెప్పరు. తప్పు పిల్లలది గాదు. మనం చెప్పలె.

సదాలక్ష్మి సికింద్రాబాద్ బిడ్డ. మెహతర్ కులంల పుట్టింది. అంటే పట్నం మలాన్ని నెత్తిన ఎత్తి మోసిన కులం. మన కులాలల్ల కూడ కింద అని చూసిన కులం. ఆ ఇంటి ఆడపిల్ల చదువుకొని, 1957ల కామారెడ్డి నుంచి శాసనసభకు గెలిచింది. 1960ల ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకర్ అయింది. దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రిగ ఉన్న కాలం అది. తర్వాత మంత్రి కూడ అయింది, దేవాదాయ శాఖ చూసింది. జర ఆలోచించుండ్రి. ఏ కులాన్ని గుడి మెట్టు ఎక్కనియ్యలేదో ఆ కులం ఆడబిడ్డ గుళ్ళకు మంత్రి! 1969 తెలంగాణ ఉద్యమంల ముందట నిలబడ్డది. 1990లల్ల మాదిగ దండోరా లేస్తే, అంత పెద్ద వయసుల కూడ వర్గీకరణ న్యాయమే అని నిలబడ్డది. 2004ల పోయింది. అదే యేడు నవంబర్ల సుప్రీంకోర్టు వర్గీకరణ చట్టాన్ని కొట్టేసింది. ఇరవై ఏండ్లకు, 2024 ఆగస్టు 1న, అదే కోర్టు వర్గీకరణ చేసుకోవచ్చని తీర్పు చెప్పింది. 2025ల తెలంగాణల చట్టం అయింది. ఆ రోజు ఊరేగింపులల్ల ఎంతమంది ఫొటోలు మోసిండ్రు! సదాలక్ష్మి ఫొటో ఎంతమంది మోసిండ్రు?

శ్యామల ఆ పుస్తకం ఎట్ల రాసింది? సర్కారు కాగితాలు ముందటేసుకుంటే ఏ తారీఖున ఏ పదవి అన్నదే దొరుకుతది. ఆమె సదాలక్ష్మితోని మాట్లాడింది. ఆమెను ఎరిగినోళ్ళతోని మాట్లాడింది. పెద్దమనిషి నోట్ల నుంచి వచ్చిన మాటను ఆ మాట తీరుగనే కాగితం మీదికి తెచ్చింది. పుస్తకం పేరు చూడుండ్రి, 'ఆమే బలం' అని లేదు. 'నేనే బలాన్ని' అని ఉన్నది. రాసినామె పక్కకు జరిగి, బతికినామెను మాట్లాడనిచ్చింది. ఇది సేవ గాదా? బస్తీల నల్లా పెట్టిస్తే సేవ, ఒక మనిషి బతుకును మట్టిల కలవకుండ కాపాడితే సేవ గాదా?

ఇప్పుడు నా సంగతి చెప్త. ఇది ఎవరికీ చెప్పలె. ఇయ్యాల చెప్పకుంటే ఈ మైకు పట్టుకునే హక్కు నాకు లేదు.

మా అవ్వ మీ అందరికీ ఎరుకే. కంకర మోసింది, కైకిలి చేసింది, నన్ను బి.ఇడి. దాక చదివిచ్చింది. మా ఇంట్ల పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేను. ఆమెకు అక్షరం రాదు. అప్పట్ల గుట్ట దిక్కు రాయి పేలుస్తుంటే మన వాడ గోడలు అదురుతుండె, గుర్తున్నదా? సంకల పిల్లలు ఉలిక్కిపడుతుండె. దుమ్ముకు ముసలోళ్ళు దగ్గలేక చస్తుండె. 2003ల వాడంత కలిసి దరఖాస్తు పెడుదామన్నరు. ఎవరు రాయాలె? చదువుకున్నోన్ని నేనున్న గద. మంచి గ్రాంథికం పెట్టి రాసిన. "గౌరవనీయులైన అధికారి గారి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టిన. "గ్రామ ప్రజలు మిక్కిలి ఇబ్బందులకు గురియగుచున్నారు" అన్న. కింద ఎనిమిది మంది పేర్లు రాసి సంతకాలు పెట్టిచ్చిన. ఎనిమిది మందీ మొగోళ్ళే.

ఆఫీసు కాడికి పోయింది ఎవరు? నలభై మంది ఆడోళ్ళు. కైకిలి ఇడిసిపెట్టి, పిల్లలను సంకనేసుకొని, ఎండల కూసున్నది వాళ్ళు. కాగితం మీద ఉన్నది మేము.

ఆ అధికారి కాగితం చూసి ఒకటే మాట అడిగిండు. "ఏ తారీఖున ఎన్నిసార్లు పేల్చిండ్రు? లెక్క ఉన్నదా?" నేను నోరు తెరిచి నిలబడ్డ. నా దగ్గర మంచి తెలుగు ఉన్నది గని లెక్క లేదు. అప్పుడు మా అవ్వ వెనకాలకెల్లి అన్నది. "గోడ మీద ఉన్నది గదరా."

అప్పుడు నాకు యాదికొచ్చింది. మా ఇంటి లోపటి గోడ మీద, పొయ్యి పక్కకు, బొగ్గుతోని గీతలుంటుండె. పేలుడు ఇనబడ్డప్పుడల్ల అవ్వ ఒక గీత గీస్తుండె. రోజు మారితే కిందికి దిగి కొత్త వరుస పెడుతుండె. రాత్రిపూట పేలిస్తే గీతకు అడ్డం ఇంకో గీత. గోడ పగిలిన రోజు చుక్క పెడుతుండె. ఎన్ని నెలలదో ఆ లెక్క. అక్షరం రాని మా అవ్వ రోజూ రాస్తున్నది. నేనేమో ఆమె ఊరికె గీస్తుందనుకున్న. దరఖాస్తుకు ముందు వారమే ఇంట్ల శుభకార్యం ఉన్నదని సున్నం తెచ్చి ఆ గోడకు నా చేతులతోనే కొట్టిన. ఇల్లు తెల్లగ అయిందని సంబరపడ్డ.

ఆ రోజు ఆఫీసు నుంచి తిరిగొచ్చేటప్పుడు మా అవ్వ నన్ను ఒక్క మాట అనలె. తిడితే నా పాణం నిమ్మలంగ ఉంటుండె. కొన్ని రోజులకు మళ్ళ పొయ్యి పక్కకు ఒక గీత కనబడ్డది. మళ్ళ మొదటికెల్లి మొదలుపెట్టింది.

అవ్వ పోయి ఏండ్లయింది. ఆ దరఖాస్తు నకలు ఇంక నా పెట్టెల ఉన్నది. అండ్ల ఆమె పేరు లేదు. ఆ నలభై మందిల ఒక్క పేరు లేదు. ఈ పని దొర చెయ్యలె, పటేలు చెయ్యలె, మనువు వచ్చి చెయ్యలె. అంబేద్కర్ పుస్తకం సంకల పెట్టుకొని తిరిగే నేనే చేసిన. మన ఉద్యమంల ఉన్న మొగోళ్ళం ఈ మాట ఒప్పుకోవాలె. అగ్రకులపోడు మన చరిత్రను రాయలేదని ఇరవై నాలుగు గంటలు తిడుతం. మన ఇంట్ల ఆడోళ్ళ చరిత్రకు మనమే సున్నం కొడుతం. సభ పెడితే చాపలు పరిచేది వాళ్ళు, వంట వండేది వాళ్ళు, లాఠీ పడితే ముందట నిలబడేది వాళ్ళు. కరపత్రం కింద పేర్లు మావి.

గోగు శ్యామల పుస్తకాలు చదివినప్పుడు నాకు సిగ్గయింది. నేను సున్నం కొట్టిన గోడను ఆమె చదివింది. ఎవరి మాటను నేను "ఊరికె గీతలు" అనుకున్ననో, ఆ మాటను ఆమె సాహిత్యం అన్నది. అక్షరం నేర్చుకున్నోళ్ళు రెండు తీర్లు ఉంటరు. ఒకడు అక్షరం రాంగనే వాడ భాష మరిచిపోతడు. ఇంకొకరు ఆ అక్షరాన్ని పట్టుకొని వాడకు తిరిగొస్తరు. నేను మొదటోన్ని. రెండో తీరు కావాలని ఇయ్యాల మీ ముందట నిలబడ్డ.

పేరు రాస్తే ఏమొస్తది, కడుపు నిండుతదా అని కొందరు అడుగుతరు. మన పక్కన్నే పాశమైలారంల 2025 జూన్ 30న పేలుడయింది. యాభై మందికి పైగ కార్మికులు పోయిండ్రు. ఎక్కడెక్కడి నుంచో బతకొచ్చినోళ్ళు. దేహాలు గుర్తుపట్టనీకి డీఎన్ఏ పరీక్షలు చెయ్యాల్సొచ్చింది. తమవాళ్ళ కోసం దవాఖాన కాడ ఫొటోలు పట్టుకొని నిలబడ్డోళ్ళను చూసినం. షిఫ్టుల ఎవరున్నరు, ఎవరు లేరు అన్న లెక్క ఎంత పెద్ద లెక్కనో ఆ రోజు తెలిసింది. పేరు రాసి ఉంటే మనిషి ఉన్నట్టు. రాసి లేకుంటే పాణం పోయినా రుజువు చేసుకోవాలె. పేదోనికి పేరు అలంకారం గాదు, ఆధారం.

అందుకని ఇయ్యాల దండ ఏసి ఇంటికి పోవద్దు. ఒక పని పెట్టుకుందాం. ఇగో, ఈ బల్ల మీద ఒక లాంగ్ నోట్‌బుక్కు పెట్టిన. ప్రతి ఆదివారం పొద్దుమూకినంక ఒక ముసలవ్వ ఈడ కూసుంటది. చెప్తది. బడి పిల్లలు రాస్తరు. ఆమె పేరు, తల్లి పేరు, ఏ పని చేసింది, వాడ కోసం ఏం కొట్లాడింది, ఏ యేడు. యేడు తెల్వకుంటే "పెద్ద వాన పడ్డ యేడు" అనే రాయాలె. ఆమె మాటను దిద్దొద్దు. టీచర్లు ఎర్రపెన్ను ఇంట్లనే పెట్టి రావాలె, నాతోని కలిపి. రాసినంక చదివి ఇనిపియ్యాలె. ఆమె "ఔ" అంటేనే ఏలిముద్ర.

రెండోది. ఇకమీద మన వాడ నుంచి ఏ దరఖాస్తు పోయినా పోయినోళ్ళందరి పేర్లూ ఉండాలె, ఆడోళ్ళవి ముందట. రాసింది అందరి ముందట బిగ్గరగ చదవాలె. అర్థం కాని మాట ఉంటే కొట్టెయ్యాలె. నకలు మీద ఆఫీసోళ్ళ ముద్ర, తారీఖు ఏయించుకోవాలె. జవాబు రాకుంటే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగాలె. అడిగే కాగితం మీద ఆడబిడ్డ సంతకం ఉండాలె.

మూడోది. పంచాయతీ అయితేంది, మున్సిపాలిటీ అయితేంది, వార్డుకు గెలిచింది ఆడమనిషైతే కుర్చీల ఆమెనే కూసోవాలె, రిజిస్టర్ల ఆమెనే సంతకం పెట్టాలె. సదాలక్ష్మి శాసనసభను నడిపిచ్చింది. మన చెల్లె వార్డు మీటింగు నడపలేదా? మొగడు సంతకం పెట్టే కాడ రిజర్వేషన్ ఉండదు, రిజర్వేషన్ పేరు మీద దొంగతనం ఉంటది.

నోట్‌బుక్కుల మొదటి పేజీ నేను రాసి తెచ్చిన. మా అవ్వ పేరు, ఆమె తల్లి పేరు రాసిన. కింద ఆమె పని రాసిన. "కంకర మోసింది. కొడుకును చదివిచ్చింది. వాడ గోడలు పగులుతుంటే నెలల తరబడి లెక్క రాసింది. ఆ లెక్కకు కొడుకు సున్నం కొట్టిండు." అట్లనే రాసిన. దాస్తే మళ్ళ సున్నం కొట్టినట్టే అయితది.

రెండో పేజీ ఖాళీగ ఉన్నది. వెనకాల గోడ దగ్గర కూసున్న అవ్వలారా, ముందటికి రండ్రి. మీరు చెప్పుండ్రి, మేం రాస్తం.

జై భీమ్. జై సావిత్రిబాయి.